అంచు కింద వేలిముద్ర

శవానికి అన్నీ ఉన్నాయి. పేరొక్కటే లేదు.

"ఎత్తు సరిపోయింది మేడమ్. వయసు సరిపోయింది. మీరు చెప్పినట్టే కాళ్లకు గొర్రెల కాపర్లు తొడుక్కునే బూట్లున్నాయి," అన్నాడు ఫోన్‌లో డిటెక్టివ్ హాన్‌లిన్. "కానీ ఇదంతా ఊహ. ఊహ మీద కౌంటీ వాళ్లు శవాన్ని ఇవ్వరు."

బెనితా ఇరియార్తే రిసీవర్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని వింటోంది. ఆమె ముందు బల్ల మీద, నాణెం వేసి జూదమాడే ఒక పాత స్లాట్ మెషీన్ ముందు పలక పడుకోబెట్టి ఉంది. అల్యూమినియం పోత. దాని మీద ఉబ్బెత్తుగా చెర్రీ కొమ్మలు. కొమ్మల మధ్య గాడుల్లో అప్పుడే నింపిన ఎర్ర రంగు తడిగా మెరుస్తోంది. ఆమె బొటనవేలు మిట్టల మీద తిరుగుతూ, అక్కడ అంటిన రంగును తుడిచేస్తోంది. అవతలివాడు శవం గురించి చెబుతున్నా వేలు ఆగలేదు. ఒక్క గాడిలోకీ జారలేదు.

ముప్ఫై ఏళ్ల పని. ఆ చేతులు ఆమె ఆజ్ఞ కోసం ఆగడం మానేసి చాలా కాలమైంది.

"ఎక్కడ దొరికాడు?"

"టోనోపాకి దక్షిణాన, పాడుబడ్డ వెండి గని బావిలో. అక్కడ గాలి పొడి. మనిషి ఎండిపోయాడు తప్ప కుళ్లిపోలేదు. కుడి బొటనవేలు నానబెట్టి మావాళ్లు ముద్ర తీశారు. చక్కగా వచ్చింది. పోల్చి చూడటానికి మీ తమ్ముడి ముద్ర ఒకటి కావాలి."

"పక్కన థర్మాస్ ఏమైనా ఉందా? ఆకుపచ్చది. నాది."

"లేదు మేడమ్."

పన్నెండేళ్ల కిందట ఎవడో గని చూపిస్తానంటే తమ్ముడు ఫెర్మిన్ వాడి ట్రక్కెక్కాడు. అక్క థర్మాస్ నిండా కాఫీ పోసుకున్నాడు. 'ఆదివారానికల్లా వచ్చేస్తా, నా కుంచెలు ఎవరూ ముట్టుకోవద్దు' అన్నాడు. ఆదివారాలు వస్తూనే ఉన్నాయి. వాడే రాలేదు.

"సైన్యంలో పనిచేశాడా?" అడిగాడు హాన్‌లిన్.

"చదును పాదాలు. తీసుకోలేదు."

"ఎప్పుడైనా అరెస్టు?"

"వాడా! చీమ ఎదురొస్తే పక్కకు తప్పుకునే రకం."

"కాసినోలో పనిచేసే కార్డు?"

రీనో చుట్టుపక్కల కాసినోలో నేల తుడవాలన్నా పది వేళ్లూ సిరాలో ముంచాల్సిందే. కానీ ఫెర్మిన్ కాసినోల్లోకి వెళ్లి పనిచేయలేదు. మెషీన్లే వాడి దగ్గరికి వచ్చేవి.

"నెలాఖరు దాకా ఆగుతారు మేడమ్. ఆ తర్వాత నంబరు వేసి పూడ్చేస్తారు. ఏమైనా తడితే ఫోన్ చేయండి."

ఆమె రిసీవర్ పెట్టేసి పలక వంక చూసింది. చెర్రీలన్నీ పూర్తయ్యాయి. ఎప్పుడు పూర్తి చేసిందో గుర్తులేదు.

పాలిష్ చక్రం ఆగింది. దాని వెనక నుంచి ఓడెల్ లేచి వచ్చాడు. మొహం నిండా నల్లటి మసి, కళ్లద్దాలు ఉన్న చోట మాత్రం తెల్లటి సున్నాలు. స్పార్క్స్ ఊళ్లో, రైల్వే యార్డు వెనక ఉన్న ఈ షెడ్డులో లోహాన్ని మెరిపించేది అతను, రంగులు వేసేది ఆమె. పాత ఓనరు పోయాక ఇద్దరే దీన్ని నెట్టుకొస్తున్నారు.

"వాడేనా?"

"తెలీదంటున్నారు."

"నీ మనసేమంటోంది?"

"నా మనసుకు వేలిముద్రలు చదవడం రాదు ఓడెల్."

అతను చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. అడగాల్సింది వేరే ఉంది. ఇద్దరికీ తెలుసు. రంగులో కలిపే థిన్నర్ వాసనలకు ఆమె ఊపిరితిత్తులు సగం పాడయ్యాయి. ఈ పని మానెయ్యమని డాక్టరు చెప్పి రెండు చలికాలాలు గడిచాయి. ఆరెగాన్ సముద్రపు ఒడ్డున ఓడెల్ చెల్లెలి ఇంట్లో పైన గది ఖాళీగా ఉంది. షెడ్డు కొంటానని కాలిఫోర్నియా వాడొకడు వచ్చి వెళ్లాడు కూడా. ఆమె కదల్లేదు. కారణం గోడకు వేలాడే ఆ నల్ల ఫోను. ఫెర్మిన్‌కు కంఠతా వచ్చిన నంబరు ప్రపంచంలో అదొక్కటే. రెండుసార్లు ఎవరో ఫోన్ చేసి మాట్లాడకుండా పెట్టేశారు. ఆ రెండు నిశ్శబ్దాల మీద ఆమె ఇన్నేళ్లు బతికింది.

వాడు చచ్చిపోయి ఉంటే తండ్రి పక్కన పాతిపెట్టి వెళ్లిపోవచ్చు. బతికి ఉంటే ఆగొచ్చు. ఏదో ఒకటి తెలియాలి.

అప్పుడు తట్టింది.

"దొప్ప!" అంది.

"ఏ దొప్ప?"

"నాణేల దొప్ప ఓడెల్! అంచు కింద!"

ఓడెల్ నోరు తెరిచాడు. అతనికీ గుర్తొచ్చింది.

ఈ పనిలో అందరూ చెక్కముక్కకు గుడ్డ చుట్టి మిట్టలు తుడుస్తారు. ఇరియార్తే అక్కాతమ్ముళ్లు మాత్రం ఉత్త బొటనవేలితో తుడిచేవాళ్లు. గుడ్డ గాడిలోకి కుంగుతుంది, వేలు కుంగదు అనేవాడు ఫెర్మిన్. పనంతా అయ్యాక, నాణేలు వచ్చి పడే దొప్ప అంచు అడుగున, ఎవరికీ కనబడని చోట, తడి రంగులో బొటనవేలు ఒకసారి గట్టిగా అదిమేవాడు. అదే వాడి సంతకం. పాత ఓనరు చూసి బూతులు తిట్టేవాడు. వాడు నవ్వి మరోటి అదిమేవాడు.

"వాడు వేసిన మెషీన్లు చాలా ఉన్నాయిగా," అంది బెనితా. గొంతులో ఊపు వచ్చింది.

ఓడెల్ తల అడ్డంగా ఊపాడు. షెడ్డు వెనక మూలకు చూశాడు. అక్కడ రంగు ఊడదీసే తొట్టి ఉంది. మరమ్మతుకు వచ్చిన ఏ పలకైనా ముందు దాంట్లో మునగాల్సిందే. పాత రంగు తొక్కలా లేచి వస్తే, ఉత్త లోహం మీద కొత్త రంగు.

"మనమే ముంచాం కదా తల్లీ," అన్నాడు మెల్లగా. "వాడి చేతి మీదుగా పోయినవన్నీ తిరిగి మన దగ్గరికే వచ్చాయి. ఒక్కటి వదిలామా?"

ఆమె కుర్చీలో కూలబడింది. నిజమే. తమ్ముడి ముద్రలన్నింటినీ ఒకదాని తర్వాత ఒకటి తనే తొట్టిలో కరిగించింది. ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు.

ఓడెల్ తుడుపుగుడ్డ పక్కన పడేశాడు.

"విన్నెముక్కా ఊరి పిసినారి సంగతేంటి? డొమింగో. వాడు మెషీన్ మరమ్మతుకు ఇవ్వడమంటూ జరిగిందా ఎప్పుడైనా?"

మర్నాడు మధ్యాహ్నానికి బెనితా విన్నెముక్కాలో ఉంది.

డొమింగో ఆమె తండ్రితో పాటు గొర్రెలు కాసినవాడు. ఇప్పుడు, గొర్రెలు కాయడానికి సముద్రం దాటి వచ్చిన తమ బాస్కు జాతివాళ్ల హోటల్ నడుపుతున్నాడు. పొడవాటి బల్లల దగ్గర రైల్వే వాళ్లూ కాపర్లూ సూప్ గిన్నెలు చేతులు మార్చుకుంటూ తింటున్నారు. ఆమెను చూడగానే అతను చిక్కుడు గింజల గిన్నె, గొర్రె మాంసం పళ్లెం తెచ్చి ముందు పెట్టాడు.

"ముందు తిను. ఎముకల పోగులా ఉన్నావ్. ఆ ఓడెల్ నీకు తిండి పెట్టడా, పాలిష్ పెట్టి సరిపెడతాడా?"

"బాబాయ్, ఫెర్మిన్ రంగులేసిన మెషీన్ ఉందా నీ దగ్గర?"

"ద్రాక్షగుత్తులదా? లేకేం! ఆ మూలన. నేనెవడి చేతికీ ఇవ్వలేదు. మరమ్మతు అంటే మీరు అడిగే ధరకు నేనో గొర్రెల మంద కొంటా."

ఆమె లేచి వెళ్లి చూసింది.  ఊదా ద్రాక్షలు, ఆకుపచ్చ ఆకులు ఉండాల్సిన పలక మొత్తం, గాడీ మిట్టా తేడా లేకుండా, ఒకటే వెండి రంగు. పొయ్యి గొట్టాలకు వేసే చవక రంగు.

"ఎవరు చేశారీ పని?"

"నేనే. పొగకు నల్లబడిందని ఓ డబ్బా కొట్టేశా. బాగాలేదూ?"

ఆమె మోకాళ్ల మీద కూర్చుని దొప్ప అంచు కింద వేలు పెట్టి తడిమింది. వెండి రంగు అక్కడా పాకింది. దాని కింద ఏదో గరుకుగా, గుండ్రంగా తగిలింది. చటుక్కున వేలు తీసేసింది.

ఆమె శవం సంగతీ ముద్ర సంగతీ చెబుతుంటే డొమింగో పక్కన నిలబడి అంతా విన్నాడు. నవ్వు పోయింది.

"ఫెర్మిన్ అని తేలితే?"

"నాన్న పక్కన పెడతా."

"కాదని తేలితే?"

"ఎదురుచూస్తా."

"నీకేది కావాలి అమ్మాయ్?"

ఆమె చూపు దొప్ప మీదే ఉంది. డొమింగో స్క్రూడ్రైవర్ తెచ్చి పలక తనే విప్పాడు. కంబళిలో చుట్టి, పసిబిడ్డను ఇచ్చినట్టు ఆమె చేతుల్లో పెట్టాడు.

హాన్‌లిన్ షెడ్డుకు వచ్చి చూశాడు. పలకను తలకిందులుగా బల్లకు బిగించారు. దొప్ప అంచు అడుగు ఇప్పుడు ఆకాశం వైపు ఉంది. భూతద్దంలోంచి చూస్తే వెండి పొర కింద అణగిన చుట్లు లీలగా తెలుస్తున్నాయి.

"మా ల్యాబ్ అతన్ని అడిగాను," అన్నాడు. "పైది తీయబోతే కిందదీ పోతుంది, నావల్ల కాదు అన్నాడు."

"నా వల్ల అవుతుంది," అంది బెనితా.

అది గొప్ప కాదు. రీనో నుంచి శాక్రమెంటో దాకా ఒక పొర నుంచి ఇంకో పొరను లేపగల చేయి ఆమెదే అని అందరికీ తెలుసు.

"అయితే గురువారం రెండింటికి ఫోటోగ్రాఫర్‌ని తీసుకొస్తా. మా ముందే చేయండి."

"వద్దు. నెత్తి మీద మనుషులుంటే నాకు పని సాగదు. మీరొచ్చేసరికి తయారుగా ఉంటుంది."

అతను వెళ్లాక ఓడెల్ గొణిగాడు. "ఫోటో తీసేవాణ్ణి పక్కనే నిలబడనిస్తే నీ సొమ్మేం పోయింది? బయటపడగానే టక్కున తీసేవాడు."

"నువ్వు చక్రం తిప్పుకో ముసలోడా. రంగు సంగతి నాకు చెప్పకు."

"చెప్పట్లేదమ్మా. అడిగా."

గురువారం పొద్దున్నే మొదలుపెట్టింది. తలుపులు వేయించింది, చక్రం ఆపించింది. పుల్ల చివర దూది చుట్టి, రంగు కరిగించే పల్చటి మందులో ముంచి, వెండి పొర మీద ఆనించింది. రుద్దలేదు. ఆనించి ఎత్తడం, ఆనించి ఎత్తడం. దూది బూడిద రంగుకు తిరిగింది. పారేసి కొత్తది చుట్టింది. మధ్యమధ్యలో దగ్గు వస్తే మొహం పక్కకు తిప్పుకుని, గుడ్డలో దగ్గి, మళ్లీ వంగింది.

"పల్చటి మందే అయినా కింది రంగు కూడా మెత్తబడుతుంది ఓడెల్. పైది పోయాక ఓ గంట ముట్టుకోకూడదు. మళ్లీ గట్టిపడాలి."

"నీ చేతులు కట్టెయ్యనా ఆ గంటా?"

"నీ నోరు కట్టుకో చాలు."

ఇద్దరూ నవ్వారు. ఆ షెడ్డులో అదే ఆఖరి నవ్వు.

మధ్యాహ్నానికి ఊదా రంగు బయటపడింది. ముందు గోరంత, తర్వాత నాణెమంత. ఆ ఊదా ఆమెకు తెలుసు. ఫెర్మిన్ ఎప్పుడూ చుక్క నలుపు ఎక్కువ కలిపేవాడు. వద్దంటే వినేవాడు కాదు. తర్వాత, ఊదా మధ్యలోంచి ఒక్కొక్క చుట్టూ లేచింది. సన్నటి గీతలు. మధ్యలో సుడి. పన్నెండేళ్లుగా ఫోటోల్లో తప్ప కనబడని మనిషి అక్కడ, దొప్ప అంచు మీద, బొటనవేలంత చోట నిలబడ్డాడు.

ఆమె వెనక్కి వాలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి పలక మీద పడకుండా కుర్చీ వెనక్కి లాగింది.

"వచ్చిందా?" అన్నాడు ఓడెల్.

"వచ్చాడు."

అతను ఒక్కసారి వంగి చూసి, టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. "సూప్ వేడి చేస్తా. పొద్దున్నుంచీ నీ కడుపులో మందు వాసన తప్ప ఏం పడలేదు," అని పక్క గదిలోకి వెళ్లాడు.

ఆమె కూర్చుని చూస్తోంది. ఆరాలి, అంతే. రెండింటికి కెమెరా వస్తుంది. గీతల మీద అక్కడక్కడ వెండి పొడి ఇంకా మిగిలుంది, మిట్టల మీద మాత్రమే. గాడుల్లో శుభ్రంగా ఉంది. ఆరాక మెత్తటి కుంచెతో దులిపేస్తే చాలు.

"బెన్నీ, మస్టర్డ్ సీసా ఎక్కడ పెట్టావ్?" పక్క గదిలోంచి కేక.

"కిటికీ దగ్గర, కాఫీ డబ్బా వెనక."

"ఇక్కడ లేదు."

"సరిగ్గా చూడు. మొన్న నువ్వే పెట్టావు అక్కడ."

"ఇక్కడున్నది ఊరగాయ సీసా."

"దాని వెనక ముసలోడా, దాని వెనక! కళ్లద్దాలు తుడుచుకో!"

"ఆ, దొరికింది. అరవకు, దగ్గొస్తుంది."

అప్పుడామె బొటనవేలికి చల్లగా, జారుడుగా ఏదో తగిలింది.

ఆమె కిందికి చూసింది.

వేలు దొప్ప అంచు మీద ఉంది. పల్లంలో రంగు నిలవాలి, మిట్ట మీద రంగు ఉండకూడదు. అంతే దానికి తెలిసింది. మిట్టల మీద వెండి పొడి కనబడింది, తుడిచేసింది. చెర్రీలను తుడిచినట్టు, వెయ్యి మెషీన్లను తుడిచినట్టు, మెత్తగా, ఒకే ఒక్క ఊపులో, చివర కొంచెం అదిమి.

ఆమె అరవలేదు. వేలు ఎత్తింది. దాని మీద ఊదా రంగు. చుక్క నలుపు ఎక్కువైన ఊదా.

ఓడెల్ సూప్ పట్టుకుని వచ్చేసరికి ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అతను బల్ల వంక చూశాడు. ఊదా రంగు, సన్నటి గీతలు, సుడి, అన్నీ ఉన్నట్టే ఉన్నాయి. గిన్నె ఆమె ముందు పెట్టాడు.

"తిను. గట్టిపడుతోందిగా?"

"పడుతోంది," అంది.

రెండింటికి హాన్‌లిన్ వచ్చాడు. వెంట బక్కపల్చటి ఫోటోగ్రాఫర్, రెండు దీపాలు. హాన్‌లిన్ భూతద్దం పట్టుకుని వంగి ఈల వేశాడు.

"అబ్బ! పదిహేనేళ్ల సర్వీసులో ఇంత శుభ్రమైన ముద్ర నేను చూడలేదు మేడమ్. సిరాతో తీసినా ఇలా రాదు. మావాళ్లు దీన్ని చూసి సాయంత్రానికే చెప్పేస్తారు, అతనా కాదా అని."

ఫోటోగ్రాఫర్ దీపాలు బిగించాడు. పక్క నుంచి వెలుగు పడగానే గీతలు దున్నిన చేనులా లేచి నిలబడ్డాయి.

బెనితా ఆ గీతల వంక చూసింది. ఆ క్షణంలో ఆమెకు దారి కనబడింది. ఊరుకుంటే చాలు. ఈ ముద్రను శవం వేలితో పోలుస్తారు. కలవదు. 'మీ తమ్ముడు కాదు మేడమ్' అని హాన్‌లిన్ ఫోన్ చేస్తాడు. ప్రభుత్వమే చెబుతుంది. ఫెర్మిన్ ఎక్కడో బతికే ఉన్నాడని, ఆ రెండు నిశ్శబ్దాలూ వాడివేనని. దాన్ని పట్టుకుని ఇంకో పన్నెండేళ్లు లాగొచ్చు. ఆ బావిలోంచి తీసినవాడు ఎవడో పరాయివాడైపోతాడు, వాడే అయినా సరే.

ఫోటోగ్రాఫర్ కెమెరా మూత తీశాడు.

"తీయకండి," అంది బెనితా.

"ఏంటి మేడమ్?"

"అది నాది."

హాన్‌లిన్‌కు అర్థం కాలేదు. ఆమె కుడిచేయి ఎత్తి చూపింది. బొటనవేలి మీద ఊదా రంగు ఆరి పగుళ్లు తేలింది.

ముందుగా ఓడెల్‌కు అర్థమైంది. బల్ల మీంచి తీసిన, ఆమె ముట్టని సూప్ గిన్నె కింద పెట్టడానికి చోటు వెతుక్కుని, దొరక్క, అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"కింద... దాని కింద పాతది ఏమైనా మిగిలుంటుందా?" అన్నాడు హాన్‌లిన్.

"లేదు. మెత్తటి రంగుకు ఆఖరి వేలే గుర్తుంటుంది."

"ఇంకో మెషీన్?"

"ఇదే ఆఖరిది."

ఫోటోగ్రాఫర్ దీపాలు ఆర్పాడు. వైర్లు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. హాన్‌లిన్ టోపీ పెట్టుకున్నాడు. తలుపు దగ్గర ఆగి, "క్షమించండి మేడమ్," అన్నాడు. దేనికో అతనికే తెలియదు.

వాళ్లు వెళ్లాక ఓడెల్ అన్నాడు, "మస్టర్డ్ నేనే వెతుక్కోవాల్సింది."

"నువ్వు అడక్కపోయినా ఈ వేలు వెళ్లేది ఓడెల్. దానికి నాతో పనిలేదు."

నెలాఖరున టోనోపాలో గాలి దుమ్ము లేపుతోంది. కౌంటీ శ్మశానం చివరి వరసలో గొయ్యి తవ్వారు. తెల్లరంగు వేసిన పలక మీద నల్ల అంకెలు. రంగు కారి చివరి అంకె కిందికి జారింది. ఎవరో తొందరగా వేసిన పని.

డొమింగో నల్లకోటు వేసుకుని విన్నెముక్కా నుంచి అంతదూరం వచ్చాడు. ఫాదర్‌ను కూడా అతనే వెంటబెట్టుకొచ్చాడు. ఓడెల్ మసి కడుక్కుని వచ్చాడు, అయినా కళ్ల చుట్టూ సున్నాలు పోలేదు. బెనితా కుడిచేయి కోటు జేబులో ఉంది. బొటనవేలిని మిగతా వేళ్లు మూసి పట్టుకున్నాయి. పెట్టె చూసి ఏడవాలో వద్దో ఆమెకు తెలియలేదు. ఏడిస్తే వాణ్ణి చంపినట్టు. ఏడవకపోతే వాణ్ణి ఒంటరిగా మట్టిలో దించినట్టు.

ఫాదర్ ప్రార్థన పుస్తకం తెరిచి, పేరు చదవాల్సిన చోట ఆగాడు. తల ఎత్తి ఆమె వంక చూశాడు.

"పేరేం చెప్పమంటావమ్మా?"

డొమింగో ఆమె వైపు చూశాడు. ఓడెల్ చూశాడు. పార పట్టుకున్న ఇద్దరు మనుషులు కూడా చూశారు. నోటి దాకా ఒక పేరు వచ్చి ఆగింది. గాలికి పలక ఊగింది.

"పేరు వద్దు ఫాదర్," అంది బెనితా. "అక్కడున్న నంబరు చదవండి."